ఉప్పుగడ్డలో సీసపు చెట్టు

మొన్న మంగళవారం బషీరాబాద్ నుంచి చార్జింగుకు వచ్చిన రైతు, బ్యాటరీ బల్ల మీద పెడుతూనే, "మీ సైన్సు సారు పోయిండంట గద" అన్నాడు. సారు రిటైరయ్యాక అక్కడ బిడ్డ ఇంట్లో ఉండేవారు. దహనం కూడా అయిపోయిందట. ఆ రోజు నాకు ఇంకే పనీ సాగలేదు.

ఈ తాండూరులో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. రేడియో బ్యాటరీలు చార్జింగు పెట్టే నా దుకాణానికి ఆయన ఒక ఆదివారం వచ్చి, "తమ్మీ, నీ కరెంటు జర కావాలె" అన్నారు. అప్పటి నుంచి నేనూ ఆయన శిష్యుణ్ణే.

ఆయన పని ఇది. సీసపు ఉప్పుకు ఇంకొన్ని రకాల ఉప్పులు కలిపి కుంపటి మీద పెడితే కరిగి నీళ్లలా తేటపడతాయి. అందులో రెండు బొగ్గు కడ్డీలు ముంచి బ్యాటరీ తగిలిస్తే, ఒక కడ్డీకి సీసం పేరుకుంటుంది. అది చెట్టులా కొమ్మలు వేస్తుందని ఆయన ఉర్దూ పుస్తకంలో ఉంది. బడిలో ఆ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "మీరు చూసిన్రా సార్?" అని అడిగిందట. సారు సుద్దముక్క కింద పెట్టి, "లేదమ్మా. చూసినంక చెప్త" అని పాఠం అక్కడే ఆపేశారు. ఆ వేసవికే ఆయన రిటైర్ కావాలి.

"గింత దానికి పాఠం ఆపుతరా సార్?" అన్నాను.

"చూడనిది చూసినట్టు చెప్తే, రేపు చూసింది చెప్పినా నమ్మరు తమ్మీ."

దుకాణం వెనక వాకిట్లో ఆరు ఆదివారాలు కూర్చున్నాము. కడ్డీ పైకి తీస్తే కొమ్మలు రాలిపోయేవి. చల్లారాక ఉప్పుగడ్డను పగలగొట్టినా, నీళ్లలో కరిగించినా, మిగిలేది బూడిదరంగు పొడే. సారు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇవి కట్టెలు. నాకు చెట్టు కావాలె" అనేవారు. విసుగు మాత్రం ఎన్నడూ చూపలేదు.

పగలగొట్టకుండా లోపల చూడాలంటే ఒకటే దారి. వికారాబాద్‌లో ఛాతీ రోగుల ఆసుపత్రిలో ఎక్స్‌రే ఉంది. ఉప్పు కంటే సీసం ఎక్స్‌రేను గట్టిగా ఆపుతుంది, కాబట్టి కొమ్మలుంటే తెల్లగా తేలాలని సారు ఆలోచన. ఆయనే వెళ్లి డాక్టరును అడిగారు. రోగులకే ఫిల్ములు చాలని రోజులవి. ఒక్కటి ఇస్తానన్నారు డాక్టరు.

ఆ ఉప్పుకు గాలి తగిలితే చెమ్మ పడుతుంది. అందుకని డబ్బాలో చుట్టూ కాల్చిన సున్నపురాళ్లు పేర్చి, నడుమ కడ్డీతో సహా ఉప్పు గడ్డకట్టిన గిన్నె పెట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లాము. గిన్నె నాది, తెల్లటి పింగాణీది. ఎక్స్‌రే తీసే అతను మీట నొక్కబోతూ అలవాటు కొద్దీ, "ఊపిరి బిగవట్టు, కదలకు" అని గిన్నెతో అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. సారు మాత్రం నిజంగానే ఊపిరి బిగబట్టారు.

ఫిల్ము కడిగితే గిన్నె మేర అంతా ఒకే తెలుపు. కొమ్మ లేదు, రెమ్మ లేదు. అప్పుడు వెలిగింది నాకు: గిన్నెకు పింగాణీ పైపూతే, లోపల ఇనుము.

డాక్టరు మండిపడ్డారు. "ఒక రోగి ఫిల్ము ఖరాబు చేసిన్రు. ఆ గిన్నె ఎవరు తెచ్చిన్రు?"

నేను నోరు తెరిచేలోపే సారు, "తప్పు నాది డాక్టర్ సాబ్. చూసుకోవలసింది నేను" అన్నారు. తిరుగు రైల్లో నేను తలెత్తలేదు. ఆయన పొట్లంలోని పల్లీలు సగం నా చేతిలో పోసి, "తినవయ్యా. ఇనుము ఎక్స్‌రేను మింగుతదని కండ్లార చూసినం. గది తక్వనా?" అన్నారు.

మర్నాడే కుమ్మరి చేత పలచటి మట్టి పళ్లెం చేయించారు. బడికి సెలవులిచ్చే ముందు వారం డాక్టరు నుంచి కబురు వచ్చింది: ఒక ఫిల్ము మూల పాడైంది, రోగికి పనికిరాదు, కావాలంటే రమ్మని.

ఈసారి మట్టి పళ్లెంలో ఉప్పు కరిగించి, కరెంటు పెట్టి, గడ్డకట్టాక తీసుకెళ్లాము. కడిగిన ఫిల్మును డాక్టరే తెచ్చి దీపపు పెట్టె మీద తగిలించారు. కడ్డీ మొదలు నుంచి తెల్లటి కాండం, దాని నుంచి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మలకు వెంట్రుక కన్నా సన్నని కొసలు. నా వాకిట్లో, నా కళ్ల ముందు, ఆ కరిగిన ఉప్పులో ఇంత జరిగిందని నాకు తెలియనే తెలియదు. పక్కనే ఎవరో రోగి ఛాతీ ఫిల్ము ఉంది. ఊపిరితిత్తుల్లోనూ అలాంటి కొమ్మలే.

తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ ముసలామె తొంగిచూసి, "ఎవరి ఛాతి సారూ గది? మంచిగున్నడా?" అంది.

"మస్తుగున్నడమ్మా" అన్నారు సారు.

ఒక్కరోజుకని ఫిల్ము అడిగి తెచ్చుకున్నాము. మర్నాడు నన్నూ బడికి రమ్మన్నారు. పిల్లలతో, "ఈయన కరెంటు పెట్టిండు, కుమ్మరాయన పళ్లెం చేసిండు, నేను చూసిన. ఇగ మీరు చూడున్రి" అన్నారు. అంతకు మించి పాఠం చెప్పలేదు. కిటికీ వెలుతురుకు ఫిల్మును ఎత్తి పట్టుకున్నారు. మొట్టమొదట, "మీరు చూసిన్రా" అని అడిగిన ఆ అమ్మాయి వచ్చింది. చాలాసేపు చూసింది. సారు తొందరపెట్టలేదు. వెనక వరుస ఇంకా మిగిలే ఉంది. నొప్పి పుట్టిన చేతిని దించి, ఫిల్మును రెండో చేతికి మార్చుకుని, మళ్లీ ఎత్తి పట్టుకున్నారు.