గోదాంలో సున్నపు గీత

మా కామర్స్ సారు మొన్న పొద్దున వరంగల్ దవాఖానలో పోయారు. ఫోను వచ్చినప్పుడు నేను జనగామలో పత్తి కొని అమ్మే మా అడ్తి దుకాణం తెరుస్తున్నాను. తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో కాలేజీ మూతపడితే సారు మా దుకాణం అరుగు మీద కూర్చుని తన పరిశోధన చేసుకునేవారు. ఆంటాలజీ అనేవారు దాన్ని. ఆస్తి, అప్పు, ఆదాయం అని నివేదికల్లో రాస్తాం కదా, ఆ మాటల వెనక నిజంగా ఉన్నదేమిటి, కంప్యూటరు కూడా పొరపడకుండా దాన్ని ఎలా చెప్పాలి అన్నది ఆయన పట్టు. సుద్దముక్కతో షట్టరు మీద డబ్బాలు గీసేవారు: వస్తువు, హక్కు, ఇచ్చిన మాట, జరిగిన పని. ఏది చూపించినా, "ముందుగాల గిది ఏ డబ్బాల పడ్తది బిడ్డా?" అని అడిగేవారు. నాకు విసుగొచ్చేది కూడా.

రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చిన మర్నాడు మా నాయిన బజారంతా మిఠాయి పంచాడు. సారు ఓ జిలేబీ తిని, "మాట ఇచ్చిండ్రు సేటూ. రాష్ట్రం ఇంక రాలె. రెండూ ఒక్క డబ్బాల వెయ్యకు" అన్నారు. నాయిన మొహం మాడ్చుకున్నాడు. కొద్ది రోజులకే ఆ మాట వెనక్కి పోయింది. మళ్లీ బందులు, రైల్‌రోకోలు.

సరుకు కదల్లేదు. గోదాం నిండా పత్తి, ఎక్కడ నిప్పురవ్వ పడుతుందోనని భయం. అంతలో సరుకు మీద తీసుకున్న బ్యాంకు అప్పు గడువు ముంచుకొచ్చింది, సరుకు చూడ్డానికి వస్తామన్నారు. ధర పెరిగేదాకా రైతులు తమ పత్తిని మా దగ్గర ఉంచిపోవడం అలవాటు. కాగితం ఉండదు, నోటి మాటే. వాళ్ల బోరాలూ మావీ, అన్నీ ఒకే రకం బస్తాలు, కలిసే ఉండేవి. నాయిన అంతా మనదే అని బ్యాంకుకు రాసి చూపించమన్నాడు. రేపు అప్పు తీరకపోతే బ్యాంకు వాళ్లు రైతుల పత్తికీ తాళం వేస్తారు. ఆగలేక సారుకు చెప్పాను.

ఆయన నేరుగా నాయిన దగ్గరికి వచ్చారు. "పత్తి నీ గోదాంల ఉన్నది సేటూ. నీదైతదా?"

"గింత సరుకన్న చూపియ్యకపోతే దుకాణం మునుగుతది సారూ!"

"నీ తాన ఉండుడు వేరు, నీ సొంతం కావుడు వేరు. మునిగితే నీ ఒక్కని దుకాణం మునుగుతది. గిట్ల రాస్తే వాళ్ల ఇండ్లు గూడ మునుగుతయ్."

నాయిన ఆఖరికి హమాలీలను పిలిచి బోరాలు విడదీయించాడు. మధ్యలో సారే సున్నంతో గీత గీశారు. మా వైపు ఎంత బోసిగా ఉందో అప్పుడు తెలిసింది.

భయపడ్డంతా అయింది. బ్యాంకు వాళ్లు గడువు ఇవ్వలేదు. మా వైపు సరుకంతా పట్టుకుపోయారు. గీతకు అవతలి పత్తిని మాత్రం రైతులు బండ్లకెత్తుకుని తీసుకుపోయారు. నాయిన చాన్నాళ్లు సారుతో మాట్లాడలేదు. మరుసటి పంటకు ఆ రైతులే మళ్లీ వచ్చి మా గోదాంలో బోరాలు దించారు. మా దుకాణం నిలబడింది అందుకే. సారు పరిశోధన మాత్రం పూర్తి కాలేదు, ఆ బాధ నాకు పోదు.

నిన్న సారును సాగనంపి వచ్చాక నాయిన కనబడలేదు. ఈ వయసులో ఎటు పోయాడోనని కంగారుగా వెతికాను. గోదాంలో ఉన్నాడు. నొప్పుల మోకాళ్లతోనే నేల మీద కూర్చుని, చెరిగిపోయిన గీత మీద సున్నం వేస్తున్నాడు. గీత వంకర పోతే, తుడిచి మళ్లీ వేస్తున్నాడు.