స్టూలు అడగబోయిన అక్క

పటాన్‌చెరు దగ్గర నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో, మా ప్యాకింగ్ సెక్షన్‌కు ఒకసారి కాగితాలు పంచారు. కంపెనీ మీకు ఏ సౌకర్యం కల్పిస్తే బాగుంటుందో రాయమన్నారు. మాలో సగం మందికి రాయడం రాదు. ఏ కాగితం వచ్చినా నేనే రాసేవాణ్ణి, వాళ్లు కింద వేలిముద్ర వేసేవాళ్లు. అందుకు ప్రతిఫలంగా నా కోతలు వినాలి, అంతే.

కర్దనూర్ నుంచి వచ్చే అక్క నా పక్కనే నిలబడి డబ్బాల్లో మాత్రల అట్టలు సర్దేది. షిఫ్టంతా నిలబడే పనే. వాచిన మోకాళ్లకు పాత చీర పేలికలు చుట్టుకునేది. ఎప్పుడో ఒకరోజు కూలబడతానని, పని నుంచి తీసేస్తారని ఆమె భయం.

"నాకొక స్టూలు గావాలని రాయి తమ్మీ. ఇంకేం వద్దు," అంది.

నా నాలుక ఊరుకోలేదు.

"ఎనుకటి కంపెనీల ఒకాయన గిట్లనే అడిగిండక్కా. తెల్లారే ఇచ్చిన్రు, మంచి మెత్తటి కుర్చీ. గేటు బయట ఏసిన్రు. ఇగ ఆయన ఆడనే కూసున్నడు. మొన్న పోంగ చూసిన, గడ్డం మోకాళ్ల దాకా వచ్చింది."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"అయితే స్టూలు రాయకు. వాళ్లకు కోపం రానిది ఏదన్న నువ్వే చూసి రాయి," అని వేలిముద్ర వేసింది.

ఎవడు చదువుతాడులే అని, ఆమె కాగితం మీదా మిగతా వాళ్ల కాగితాల మీదా 'వ్యాయామ యంత్రాలు' అని రాశాను. సాయంత్రం దాకా తలుచుకుని నవ్వుకున్నాను.

చదివారు. రెండు నెలల్లో క్యాంటీన్ పక్క గదికి నిలువుటద్దాలు బిగించి నాలుగు యంత్రాలు దించారు. హెచ్ఆర్ మేడం రిబ్బన్ కత్తిరించి, "మీ మనసులో ఉన్నదే ఇచ్చాం," అంది. చప్పట్లు కొట్టాం. అక్క కూడా కొట్టింది.

మా క్యాంటీన్‌లో నిలబడి తినే బల్లలే. ఆ రోజు అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి, కదలని సైకిల్ మీద కూర్చుంది. సూపర్‌వైజర్ చూశాడు.

"కూసునేటందుకు పెట్టలేదమ్మా. తొక్కు, లేకుంటే దిగు."

డబ్బా కింద పెట్టి తొక్కింది. మోకాలు వంగినప్పుడల్లా పళ్లు బిగపట్టింది. మేడం ఫోన్‌తో ఫొటో తీసింది. ఫొటోలో అది నవ్వులాగే పడింది. పెద్దది చేయించి గేటు గోడకు తగిలించారు.

నెల తిరక్కుండానే అక్క లైన్లో కూలబడింది. "సైకిల్ తొక్కనీకొస్తది గని నిలబడనీకొస్తలేదా," అన్నాడు సూపర్‌వైజర్. మర్నాటి నుంచి రావద్దన్నారు.

గేటు దాకా నేనే సాగనంపాను. తన ఫొటో కిందే ఆగి అడిగింది.

"ఆ కుర్చీల ఆయన ఇంకా ఆడనే ఉన్నడా తమ్మీ?"

"ఉన్నడక్కా. గడ్డం పాదాల దాకా దిగింది."

"మంచి కంపెనీ," అంది అక్క, గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంటూ. "మనోళ్లు గా కుర్చీ గూడ ఇయ్యలే."