అక్క దగ్గర ఆగిపోయిన ప్రోగ్రాము

కంటి ఆపరేషన్ అయ్యాక మా అవ్వకి తన సంతానాన్నంతా ఒక్కచోట చూడాలనిపించింది. అందరూ నిజంగా ఒక్కచోట చేరితే ఏమవుతుందో పెళ్ళిళ్ళలో చూసి ఉన్నాం. అందుకని, వెబ్‌సైట్లు కట్టి బతికే నేను, ఫొటోలతో వంశవృక్షం చేసి కోవూరులో అవ్వ ఇంటి టీవీలో చూపిస్తానన్నాను.

ప్రోగ్రాములో మనుషుల్ని పుట్టించడం తేలిక. అవ్వ, ఆమె కింద పిల్లలు, వాళ్ళ కింద పిల్లలు, ఒకరినొకరు పట్టుకుని కంప్యూటరు లోపల నిలబడి ఉంటారు. వాళ్ళను దాచాలన్నా, ఇంకోచోటికి పంపాలన్నా మాత్రం అందరినీ వరసగా అక్షరాల్లోకి మార్చాలి. శామియానా విప్పి, మడిచి, లారీకెక్కించి, అవతలి ఊళ్ళో మళ్ళీ నిలబెట్టినట్టు.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది: అవ్వ రక్తంలో పుట్టిన ప్రతివారి కింద భార్యో భర్తో, పిల్లలూ ఉంటారు. బయటినుంచి వచ్చినవాళ్ళ కింద ఏమీ ఉండదు. అల్లుళ్ళకు ఇది కొత్త కాదు.

మా పెద్దమ్మ కూతురి దాకా బాగానే వచ్చిన ప్రోగ్రాము అక్కడ చతికిలబడింది. ఈ అక్క చేసుకున్నది మా చిన్న మామను, అంటే తన తల్లి తమ్ముణ్ణే. ఇద్దరూ లోపలివాళ్ళే. అక్క కింద భర్త అని మామను రాస్తుంది. మామ కింద భార్య అని అక్కను రాస్తుంది. అక్క కింద మళ్ళీ మామ. ఇది తెమిలేది కాదని ఎర్రక్షరాల్లో చెప్పి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మా చుట్టాలెవరూ లేవనెత్తని అభ్యంతరం.

విరుగుడు ఉంది. ఒకచోట మనిషిని పూర్తిగా రాసి, రెండోచోట ఫలానా చోట చూసుకోమని ఒక నంబరు వేస్తే చాలు. ఆదివారం అవ్వ ఇంట్లో భోజనాలకు కొందరం చేరిన పూట, వరండాలో వంకాయలు తరుగుతున్న అక్కకు ఈ సంగతి చెప్పాను.

"ఫొటో ఏడ పెడతావు? నంబరేడ?"

"కోడలి చోట ఫొటో. మామ పక్కన బాగుంటది గదక్కా."

అక్క కత్తిపీట పక్కకు జరిపింది. "సెలవలొస్తే మీరంతా అవ్వింటికొస్తారు. నేనేడికి పోవాల? నేనుండేదే అవ్వింట్లో. మీరు తింటారు, నేను వొండతా. ఆ టీవీలోనన్నా నన్ను మనవరాలిగా ఉండనియ్యి."

"రెండుచోట్లా ఫొటో పెట్టకూడదంట్రా?" అన్నాడు మామ.

పెట్టొచ్చు. కానీ భోజనాల లోపల కాదు. నేను ఆ మాట అనేలోపే అక్క అందుకుంది: "నువ్వు గమ్మునుండు. ఈ ఇంట్లో నీకుండేది ఒకటే చోటు."

కుర్చీలో కూర్చున్న అవ్వ నల్లద్దాలు సర్దుకుంది. "దాన్ని దానమ్మ కిందనే పెట్టు అబ్బయ్యా. కోడలి కాడ నంబరెయ్."

"అట్టయితే అవ్వా, ఈ పూట నేను మనవరాల్ని. భోజనానికొచ్చినా," అని అక్క వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

వంకాయలు సగమే తరిగి ఉన్నాయి. అవ్వను పొయ్యి దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు.

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "కోడలి చోట నంబరుండాది గదా. ఆ నంబరు నువ్వే. లెయ్యి."

మామ లేచాడు. నేను టీవీ పెట్టాను. పెద్దమ్మ కింద తన ఫొటో వచ్చినప్పుడు అక్క టీవీ దగ్గరికి జరిగి చూసింది. మామ పక్కన ఒంటరిగా నిలబడ్డ నంబరును మామ చూడలేదు, వంటింట్లో ఉన్నాడు.

పులుసులో ఉప్పు కొంచెం ధారాళంగా పడింది. ఎవరూ పైకి అనలేదు. మనవరాలు మాత్రం రెండోసారి వడ్డించుకుంది.