చీకట్లో తినే అతిథి

మా ముత్తాత ఏడూళ్లకు మునసబు. ఆయన గుర్రం దిగితే కళ్లెం అందుకోవడానికి ఇద్దరు మనుషులు పోటీపడేవారట. మా జేజినాయన తాలూకా బోర్డు మెంబరు. కలెక్టరు క్యాంపుకు వస్తే బస మా ఇంట్లోనే. మా నాయనకు పదవులు దక్కలేదు. నీళ్ల కోసం చేనిలో బోర్లు వేయించాడు, ఒకటి ఎండితే దాని పక్కన ఇంకొకటి. చివరికి చేను పోయింది. నేను కడపలో, రాళ్ల పాలిష్ వ్యాపారం చేసే ఒక భాయ్ ఇంట్లో కింది పోర్షనులో అద్దెకుంటున్నాను. అయినా ఇప్పటికీ వంశం పరువు కోసం కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా నిటారుగా కూర్చుంటాను.

ఎన్ని పోయినా మాకు అతిథి మర్యాద మిగిలింది. మా ఇంట్లో ఎవరైనా భోజనానికి కూర్చుంటే యజమాని ఎదురుగా నిలబడాలి. ఆకు మీద వెలుగు బాగా పడేట్టు లాంతరు దగ్గరికి జరపాలి. వద్దన్నా వడ్డించాలి. తినేవాడు చేయి కడుక్కునేదాకా వీపు చూపించకూడదు. గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చినా నేను ఇదే పద్ధతి పాటిస్తాను. పాపం, అతను గ్లాసు ఎత్తి గబగబా తాగేసి పోతాడు.

అందుకే పై అంతస్తులో ఉండే ఇంటి యజమాని భాయ్, భార్యతో మక్కాకు ఉమ్రా యాత్ర బయలుదేరుతూ తమ చేపను చూసుకోమన్నప్పుడు వెంటనే ఒప్పుకున్నాను.

"అన్నా, ఇది శానా సిగ్గు చేప. మా ఆమెకు బిడ్డ లెక్క. తిండి పెట్టేటప్పుడు మాత్రం..." అని ఆయన ఏదో చెప్పబోయాడు.

"భాయ్, మా ఇంట్లో కలెక్టర్లు తిన్యారు. తిండి పెట్టేది మాకు నేర్పాల్నా?"

"అది కాదన్నా, దీనికి..."

"మీరు నిమ్మళంగా పోయి రాండి. మీరొచ్చేతలికి మీ చేప ఇట్లే ఉంటాది. నా మాట."

ఆయన భార్య అద్దాల తొట్టి మీద చేయి ఉంచి, పెదాలు కదిలిస్తూ దువా చేసుకుని, కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కింది. పిల్లలు లేని మనిషి. ఆ కళ్లు చూశాక నా మాట బరువు నాకు తెలిసింది.

తొట్టిని మా ముందు గదిలో పెట్టించాను. చేప నల్లగా, కత్తి అలుగులా బల్లపరుపుగా, జానెడు పొడవుంది. ఒంటి మీద పొలుసులు లేవు. తోక దగ్గర రెండు తెల్లటి పట్టీలు. కడుపు కింద కుచ్చిళ్లలాంటి రెక్క ఒకటే అలలా కదులుతుంది. దాంతోనే ముందుకూ పోతుంది, వెనక్కూ పోతుంది. అమ్మేవాళ్లు దాన్ని బ్లాక్ ఘోస్ట్ అంటారని తెలిసి మా ఆవిడ, "ఇంట్లో దయ్యం ఒకటే తక్కువైంది" అంది. దాని తిండి, అంటే గడ్డకట్టించిన ఎర్రటి పురుగుల బిళ్లలు, ఫ్రిజ్‌లో పెట్టబోతే ఇంకా మండిపడింది.

"పెరుగు పక్కన పురుగులా? మీ కలెక్టర్లకు గూడా ఇవే పెట్టినారా?"

నాకు మాత్రం ఇంకో సంగతి నచ్చలేదు. తొట్టిలో ఆ చేప ఉండే ఇల్లు, ఒక మూరెడు బోరు పైపు ముక్క. మా నాయన ఆస్తిని మింగిన పైపులాంటిదే. నా అతిథి పైపులో పడుకోవడమేమిటి? దాన్ని తీసేసి, భాయ్ మిషను దగ్గర మిగిలిన కడప బండ ముక్కలు తెచ్చి, అంచులు అరగదీసి, తొట్టిలో ఒక మండువా కట్టాను. ముందు నాలుగు స్తంభాలు, నడుమ వాకిలి, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఏర్పాటు. పైన తెల్లటి లైటు బిగించాను. వచ్చినవాళ్లకు చేప ఏ మూల ఉన్నా కనిపించాలి కదా.

చేప ఆ మండువాలో కాలు పెట్టలేదు, కాలుంటే. ఫిల్టరు వెనక సందులో తల కిందికి పెట్టి నిలబడింది.

భోజనం వేళకు నేను లైటు వేసి, పట్టకారుతో పురుగుల బిళ్ల పట్టుకుని తొట్టి ముందు నిలబడేవాణ్ణి. "తిను, మొహమాటపడాకు" అనేవాణ్ణి. అది ఇంకా లోపలికి నక్కేది. ఇంకో బిళ్ల వేసేవాణ్ణి. అదీ కరిగి అడుగున పేరుకునేది, నీళ్లు మురిగేవి, నేను మార్చేవాణ్ణి. వారం తిరిగేసరికి చేప నడుము సన్నబడింది.

"భాయ్‌కు ఫోన్ చేసి అడగండి" అంది మా ఆవిడ.

"మాట ఇచ్చినాక అడిగేదేముండాది?"

"అట్లయితే ఆ చేప సచ్చినాక చెప్పండి, మాట ఎట్ల నిలబడిందో."

నాకు కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కిన భాయ్ భార్య ముఖమే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. వాన వస్తే మా వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి మొదట ఆకాశాన్ని చూస్తారు, తర్వాత ఆరేసిన బట్టలు తీస్తారు. నేను అప్పుడే బిళ్ల నీళ్లలో వేశాను. కరెంటు పోయింది. గదంతా మసక. టార్చి కోసం గోడ వైపు తిరిగానో లేదో, మా ఆవిడ గొంతు తగ్గించి గద్దించింది.

"తిరగాకండి! ఆడనే ఉండండి. వస్తాంది."

"ఎవరు?"

"మీ దయ్యం. తల బయట పెట్టింది... అయ్యో, మళ్లీ లోపలికి పోయింది, మీరు మాట్లాడినందుకు."

నేను గోడకు ఎదురుగా, నిటారుగా, క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. వెనక మా ఆవిడ ఎన్నికల ఫలితాలు చెప్పినట్టు చెప్తోంది. "బయటికొచ్చింది... పురుగును వాసన చూస్తాంది... తిన్యది! ఇంగోటి తిన్యది! ఏం తింటాందప్పా, పెండ్లిలో కూర్చున్నట్టు!"

నాకు తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. తిరగలేదు. క్యాలెండరు చూస్తుంటే మా జేజి గుర్తొచ్చింది. హాల్లో లాంతర్ల వెలుగులో జేజినాయన అందరికీ వడ్డించేవాడు. వండిన జేజి మాత్రం అందరూ లేచాక, వంటింట్లో దీపం లేని మూల, గోడవైపు తిరిగి తినేది. ఎవరైనా వస్తే ముద్ద కంచంలోకి దించేసేది. ఆమె తినగా నేను చూసింది లేదు. ఆమె తిన్నదా అని మా ఇంట్లో ఎవరూ అడగనూ లేదు.

మర్నాడే లైటు పీకేశాను. మండువా పడగొట్టి, బోరు పైపును కడిగి, తొట్టిలో చీకటి మూలన పెట్టాను. నేను చేయి తీసేలోపే చేప అందులో దూరింది. ఆ రోజు నుంచి దీపాలు ఆర్పి, స్టూలు మీద తొట్టికి వీపు పెట్టి కూర్చుని, చేయి వెనక్కి వంచి బిళ్ల నీళ్లలో ఉంచేవాణ్ణి. మొదట్లో బిళ్ల కరిగిపోయేదాకా రాలేదు. తర్వాత ఒకరోజు వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. మా వంశంలో అతిథికి వీపు చూపించిన మొదటివాణ్ణి నేనే. అప్పుడు కలిగినంత సంతోషం మాత్రం నాకు ఈ మధ్య దేనికీ కలగలేదు.

భాయ్ దంపతులు ఖర్జూరాలు, మక్కాలోని జమ్ జమ్ బావి నీళ్లు తీసుకుని తిరిగొచ్చారు. చేప కడుపు నిండుగా ఉంది. ఆమె చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తొట్టిని పైకి చేర్చాము. రెండు రోజుల తర్వాత ఆమే దిగి వచ్చింది.

"ఏం మందు పెట్టినారన్నా? నేను పెడితే పైపులోంచి రాకుండాది."

"నువ్వు ముందర కూర్చుంటావేమోమ్మా."

"లేదే, లైటు ఆర్పి పక్కకు పోతా. రాత్రి అదే తినేది. మీకు చెప్దామంటే ఆ పొద్దు మా ఆయన్ను చెప్పనిస్తే కదా!" అని నవ్వింది. "ఇప్పుడు దానికి మీ చెయ్యే కావాలంట. మీ కాడనే పెట్టుకోండి. సాయంత్రం నేనే వస్తా."

అట్లా తొట్టి మళ్లీ కిందికి దిగింది. ఇప్పుడు సాయంత్రాలు ఆమె ఫ్లాస్కులో చాయ్‌తో వస్తుంది. దీపాలార్పి ఇద్దరం తొట్టికి వీపు పెట్టి కూర్చుంటాము. మా ఆవిడ వాకిట్లోంచి తొంగి చూసి, "అలిగినోళ్ల మాదిరి ఉండారు ఇద్దరూ" అంటుంది.

చేప ఏడాదిలో మూరెడైంది. తొట్టిలో తిరగడానికి చాలక వంగుతోంది. ఆరడుగుల తొట్టి కావాలి, దాన్ని కిటికీ వెలుతురు తగలని గోడకు పెట్టాలి. మా గదిలో అలాంటి గోడ ఒకటే. అక్కడ, పాత ఇంటి గుర్తుగా మిగిలిన జేజినాయన పందిరి మంచం ఉండేది. దాన్ని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పాతసామాన్ల వ్యాపారికి అమ్మేశాను, నాలుగు కంబాలతో సహా.