నూట ముప్పై రోజులు

బోధన్ పాత బస్టాండు వెనక సందులో అబ్బాస్ పరుపుల దుకాణం ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించేవారు. కానీ అక్కడికి వచ్చినవాళ్ళు అడిగేది అబ్బాస్‌ని కాదు, మాసూమక్కని. దూది ఏకడం వరకే అబ్బాస్ పని. దూది కుక్కిన రజాయిలు కుట్టేది, బేరం చేసేది, చెప్పిన తారీఖుకు సరుకు అప్పజెప్పేది అతని భార్య మాసూమా. పెళ్ళి పరుపు కావాలన్నా, బాలింత పక్కకి మెత్తటి బొంత కావాలన్నా రుద్రూర్ వైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి ఆమె ముందు చాప మీద కూర్చుని, పరుపు సంగతి ఐదు నిమిషాలు, ఇంటి సంగతులు గంటసేపు చెప్పుకుని పోయేవారు.

పదిహేడేళ్ళ వయసులో సిరికొండ నుంచి ఆ ఇంటికి కోడలై వచ్చింది మాసూమా. అత్త అప్పటికే మంచం పట్టి ఉంది. ఆరు నెలలు తిరక్కుండానే కన్నుమూసింది. మరిది అయాజ్‌కి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడికి తలంటింది ఆమే, బడికి పంపింది ఆమే, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నదీ ఆమే. పిల్లలు పుట్టకపోయినా ఆ లోటు పెద్దగా తెలియలేదు. అయాజ్‌కి ఇఫ్రాని చూసి పెళ్ళి చేసింది. ఇఫ్రా తోడికోడలిలా కాక చెల్లెలిలా కలిసిపోయింది. అందరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. అయాజ్ మాత్రం నిజామాబాద్‌లో ఎవరిదో సెల్‌ఫోన్ల దుకాణంలో జీతానికి చేసేవాడు.

ముప్పై మూడేళ్ళు దూది నుసి పీల్చిన అబ్బాస్ ఊపిరితిత్తులు వానాకాలం చివర్లో చేతులెత్తేశాయి. ఖననం అయిన రోజు నుంచే మాసూమా ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టున ఉండి పాటించే గడువు అది. ఆమెకి దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. నిజానికి కొన్నాళ్ళు ఎవరికీ ముఖం చూపించకుండా ఏడవడానికి ఒక చోటు దొరికిందనే అనుకుంది.

"అక్కా, నువ్వేం రంది పెట్టుకోకు," అంది ఇఫ్రా, ఆమె చేతి గాజులు తీసి పక్కన పెడుతూ. "నూట ముప్పై రోజులు. నీకు గాలి గూడ తగలనియ్య."

అన్నట్టే చేసింది. వెనక గదిలో మంచం వేసింది. సందులోకి తెరుచుకునే కిటికీ, ఎదురింటి మేడ మీద మగపిల్లలు తిరుగుతారని, మేకులు కొట్టి మూయించింది. గిరాకీల ఫోన్లు వస్తాయి, పరాయి మగవాళ్ళ గొంతు వినడం మంచిది కాదని అయాజ్ ఆమె సెల్‌ఫోన్ తీసుకున్నాడు. "దుకాణం నేను జూసుకుంట వదినె. నువ్వు అన్న పేరు మీద దువా చేసుకో," అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు చూసి మాసూమాయే అతన్ని ఓదార్చింది.

మొదటి ఇరవై రోజులూ నిద్రలోనే పోయాయి. ఆ తర్వాత నిద్ర పట్టడం మానేసింది. ఎన్నేళ్ళుగానో దబ్బనం పట్టిన వేళ్ళు ఊరికే ఉండలేక దుప్పటి అంచులు లాగేవి. అన్నం తెచ్చేటప్పుడు, పళ్ళెం తీసుకుపోయేటప్పుడు ఇఫ్రా వచ్చేది. సాయంత్రం కాసేపు తల దువ్వేది. మిగతా పొద్దంతా మాసూమా తనతో తనే మాట్లాడుకునేది. ఇంత దూది, ఇంత గుడ్డ, ఎర్ర పూల అస్తరు అనుకుంటూ గోడకి చెప్పేది. తన గొంతు తనకే వినపడాలని అలా చేస్తున్నానని ఆమెకి తెలుసు.

ఒకరోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకి ఆమెకి అబ్బాస్ విల్లు వినిపించింది. యంత్రం వచ్చాక కూడా పాత గిరాకీల కోసం అతను అప్పుడప్పుడు విల్లుతోనే దూది ఏకేవాడు. ఆ తీగ మోత, దాని మీద సుత్తి దెబ్బ, మధ్యలో అతని దగ్గు. ఆమె లేచి కూర్చుంది. చప్పుడు ఆగిపోయింది. మూడోరోజు మళ్ళీ వినిపించింది. వారం రోజులు దాచుకుని, చివరికి ఇఫ్రా తల దువ్వుతుండగా చెప్పింది.

"ఎవరికి చెప్పకు చెల్లె. పొద్దుగాల మీ బావ విల్లు కొట్టినట్టు వినపడుతది. భయమైతలేదు. మంచిగనే అనిపిస్తది. గని వినపడుతది."

ఇఫ్రా దువ్వెన ఆపి ఆమెని కౌగిలించుకుంది. "నేనెవరికి చెప్త అక్కా," అంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు.

నలభయ్యో రోజు ఇఫ్రా కొన్ని కాయితాలు తెచ్చింది. వితంతు పింఛనుకట. అయాజ్ బయట నిలబడ్డాడు, తొందరగా కావాలట. మిగతావి మడిచి చివరి పేజీలు మాత్రం ముందు పెట్టింది. మాసూమాకి తెలుగు చదవడం వచ్చు. కాయితం మీద ఉన్నది ఇంగ్లీషు. చూపించిన చోట మూడు సంతకాలు పెట్టింది.

ఇంకో నెల గడిచాక ఒక మధ్యాహ్నం వీధి వాకిట్లో గొంతు వినిపించింది. "మాసూమక్కా! ఉన్నవా? నేనే, హన్మవ్వను!" రుద్రూర్ హన్మవ్వ. చెరుకు తోటలో కేక వేసినా ఊళ్ళోకి వినపడే గొంతు అది. ఇద్దత్‌లో ఆడవాళ్ళు వచ్చి చూసిపోవడానికి అడ్డేమీ లేదు. మాసూమా సంతోషంతో తల సర్దుకుని కూర్చుంది. ఎవరూ లోపలికి రాలేదు. కాసేపటికి ఇఫ్రా వచ్చింది.

"హన్మవ్వ వచ్చింది గదా?"

"ఎవరు రాలే అక్కా."

"నా పేరు పెట్టి పిలిచింది."

"ఎవరో కూరగాయల బండోడు అరిసిండు." ఇఫ్రా ఆమె నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "పండుకో జెరసేపు."

మాసూమా పడుకుంది. లేని విల్లు వినిపించినప్పుడు లేని హన్మవ్వ ఎందుకు వినిపించదు అనుకుంది. ఆ రోజు నుంచి తన చెవుల్ని తను నమ్మడం మానేసింది.

తొంభై ఆరో రోజు. అయాజ్ కూతురు ఉమైమా పరీక్షలకి చదువుకోవడానికి పెద్దమ్మ గదికి వచ్చింది. ఆ పిల్ల నిజామాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం, రోజూ బస్సులో పోయి వస్తుంది. పెదాలు కదుపుతూ ఏదో కంఠస్థం చేస్తోంది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"కథల పాఠం పెద్దమ్మా. పాత కథల్ల ఆడోళ్ళను ఇంట్ల పెట్టి మూసేస్తరు గదా, గట్ల చేస్తే వాళ్ళ మనసు ఏమైతదో రాయాలె. పది మార్కులు."

"ఏమైతదట?"

ఉమైమా నోట్సు చూసి అప్పజెప్పింది. తనలో తను మాట్లాడుకోవడం మొదలవుతుందట. పొద్దూ మాపూ తేడా తెలియదట. లేనివి కనపడతాయి, వినపడతాయట. అదే పట్టుకుని ఇంట్లోవాళ్ళు ఆమెకి మతి చెడిందని తేల్చేస్తారట.

మాసూమా మేకులు కొట్టిన కిటికీ వైపు చూసింది. తర్వాత అడిగింది. "మరి తలుపు తీసుకొని పోకపోయిండ్రా?"

"పోవద్దన్నరు గదా పెద్దమ్మా. ఆళ్ళ మంచికే అని చెప్పిండ్రు. నమ్మిండ్రు."

ఆ మాట అన్నాక ఆ పిల్ల ముఖం మారిపోయింది. నోటుబుక్కు మూసి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మాసూమా కంగారుపడి దగ్గరికి తీసుకుంది.

"పగటి పూట పని ఉంటే నువ్వు బయటికి పోవచ్చు పెద్దమ్మా. రాత్రికి ఇంటికొస్తే సాలు. మాకు ఖురాన్ చెప్పే ఆపాను అడిగిన. అమ్మకు గూడ చెప్పిన. నోర్మూసుకో అన్నది." వెక్కిళ్ళ మధ్య మిగతాది చెప్పింది. "దుకాణం లేదు. మా అబ్బా అండ్ల సెల్‌ఫోన్లు పెట్టిండు. నెల దాటింది. నేను రోజు బస్సుకు పొయ్యేటప్పుడు చూస్తున్న."

"నెల నుంచి తెలుసా నీకు?"

ఉమైమా తలూపింది.

మాసూమా లేచి బురఖా వేసుకుంది. వంటింట్లోంచి ఇఫ్రా పరుగున వచ్చి వాకిట్లో అడ్డం నిలబడింది. "ఇద్దత్‌ల గడప దాటుతవా అక్కా? బావ రూహ్‌కు శాంతి ఉంటదా?" మాసూమా ఆమెని పక్కకి నెట్టలేదు. నిలబడి చూసింది, అంతే. ఇఫ్రాయే తప్పుకుంది.

ఎండ కళ్ళల్లో పొడిచినట్టయింది. మూడు నెలలు పది అడుగుల గదిలో తిరిగిన కాళ్ళు వంద గజాలకే వణికాయి. చెరుకు ట్రాక్టర్లు వరసగా పోతుంటే చౌరస్తా దాటలేక, రోజుకి నాలుగుసార్లు దాటిన రోడ్డు ముందు ఎవరి చెయ్యి దొరుకుతుందా అని చూసింది. చివరికి ఎవరో స్కూలు పిల్లల వెనక దాటింది.

దుకాణం ముందు అద్దాల తలుపు. లోపల తెల్లటి లైట్లు. ఆమె కూర్చునే చోట గాజు బల్ల, దాని వెనక అయాజ్. పక్కనే, ఆ మల్గిని వాళ్ళకి దుకాణానికి అద్దెకిచ్చిన యజమాని ఆత్మారాం టీ తాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆమెని ఎరిగిన మరాఠీ పెద్దమనిషి. ఆయనే ముందు చూసి గ్లాసు కింద పెట్టాడు.

"బాయీ, నువ్వా? తబియత్ ఇప్పుడు మంచిగున్నదా?" అన్నాడు, జాలిగా, ఒక్కో మాటా విడదీసి. "ఆ విల్లు చప్పుడు ఇంక వినిపిస్తుందా?"

మాసూమా బల్ల అంచు పట్టుకుంది. ఆ మాట ఆమె ఈ లోకంలో ఒక్క మనిషికే చెప్పింది. బజారు ఎందుకు తనని చూడటానికి రాలేదో, తన గురించి ఎందుకు అడగలేదో ఒక్కసారిగా తెలిసింది. పోయిన మల్గి కన్నా, దువ్వెన పట్టుకుని తనతో ఏడ్చిన ఆ మనిషే ఎక్కువ గుర్తొచ్చింది.

అయాజ్ బల్ల దాటి వచ్చాడు. "వదినె, ఎందుకొచ్చినవ్? పా, ఇంటికి పోదాం." మెత్తగా, కాస్త గట్టిగా, నలుగురికీ వినపడేలా అన్నాడు.

"నాకు మతి తప్పిందని చెప్పినవా అయాజ్?"

"నేనట్ల అనలే. మనసు మంచిగ లేదన్న. అయినా మల్గి కిరాయి కాయితం నా పేరు మీదికి మార్చనీకి నువ్వే గదా సంతకం పెట్టినవ్?"

"పింఛన్‌కని పెట్టిన."

"పింఛను గూడ వస్తది."

"నోరు తెరిచి అడిగితే ఇయ్యకపోతునా రా నీకు?"

అయాజ్ ముఖంలో ఇన్నాళ్ళూ ఆమె చూడనిది ఏదో వచ్చి నిలిచింది. గొంతు తగ్గించాడు. "ఇయ్యకపోతువు వదినె. సచ్చేదాంక గా చాప మీద నువ్వే కూసుంటుంటివి. నలభై ఏళ్ళొచ్చినా బోధన్‌ల నన్ను అందరు మాసూమక్క మరిది అనే అంటరు. నాకు పేరే లేదు."

అతను చెప్పింది అబద్ధం కాదేమోనని ఆమెకి అప్పుడే అనిపించింది. అందుకే ఇంకా ఎక్కువ నొప్పి పుట్టింది. ఏకే యంత్రం ఎక్కడ అని అడిగింది. పాత ఇనుముకి పోయిందట. విల్లు? తెలియదట.

ఇంటికి వచ్చేసరికి ఇఫ్రా గుమ్మంలోనే ఉంది. మాసూమా చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, ఒకే ఒక మాట అడిగింది. "గా విల్లు ముచ్చట నువ్వే చెప్పినవా?"

"మొగుడు అడిగితే దాస్తనా అక్కా?" అంది ఇఫ్రా. తర్వాత ఇంకేదో అనబోయి, పైట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. మాసూమా తన గదికి వెళ్ళిపోయింది.

మల్గి తిరిగి ఇప్పించమని మసీదు పెద్దల్ని అడిగి చూసింది. సంతకాలు నీవే కదమ్మా అన్నారు, ఆమెతో నిదానంగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతూ. ఆమె ఎంత తెలివిగా మాట్లాడితే అంత జాలిగా తలలూపారు. అక్కడే ఆమె ఆ ప్రయత్నం మానుకుంది.

మిగిలిన ముప్పై నాలుగు రోజుల ఇద్దత్ మాత్రం ఆపలేదు. అది అబ్బాస్‌ది, వీళ్ళది కాదు అనుకుంది. కిటికీ మేకులు తనే ఊడబెరికింది. రాత్రిళ్ళు ఆ ఇంట్లోనే పడుకుంది. అన్నం మాత్రం విడిగా వండుకుంది. ఉమైమా గుమ్మంలో నిలబడి చూసేది. మాసూమా ఆ పిల్లని తిట్టలేదు, దగ్గరికి పిలవనూ లేదు.

నూట ముప్పై ఒకటో రోజు పొద్దున్నే ట్రంకు పెట్టె పట్టుకుని ఆటో ఎక్కి రుద్రూర్ వెళ్ళింది. హన్మవ్వ ఆమెని చూసి గుండెలు బాదుకుంది. "నేనొచ్చిన గదనే! వాకిట్ల నిలబడి గొంతు సించుకున్న. సిరికొండ పోయినవని సెప్పింది గామె. మా మనుమరాలు కావ్య పెండ్లికి రజాయిలు నిజామాబాద్‌ల కొన్నం." మాసూమా ఆమె రెండు చేతులూ పట్టుకుని, "వచ్చినవా? నిజంగ వచ్చినవా?" అని మూడుసార్లు అడిగింది.

రెండేళ్ళయింది. హన్మవ్వ ఇంటి ముందరి రేకుల షెడ్డులో మాసూమా రజాయిలు కుడుతోంది. బోధన్ గిరాకీలు కొందరు వెతుక్కుంటూ వచ్చారు. చాలామంది రాలేదు. పని బాగానే ఉంటుంది. ఒక్కటే మారింది. ఎవరైనా బయట నుంచి పిలిస్తే ఆమె వెంటనే పలకదు. దబ్బనం ఆపి, "హన్మవ్వా, ఎవరన్న పిలిసిండ్రా?" అని అడుగుతుంది. పిలిచారని తేలాకే లేస్తుంది.

మొన్న మాక్లూర్ నుంచి కొత్త గిరాకీ ఒకామె వచ్చింది. కొలతలు ఇచ్చి, కుట్టు చూసి మెచ్చుకుని, చాప మీద చతికిలబడి అడిగింది.

"ఒక్కదానివే ఉంటున్నవా అక్కా? నీ అన్నోళ్ళు ఎవరు లేరా?"

"ఒక మరిది ఉండె. తోడికోడలు ఉండె."

"అయ్యో. ఎట్ల పోయిండ్రు?"

"ఏడికి పోలేదమ్మా," అంది మాసూమా, దారం పంటితో కొరుకుతూ. "బోధన్‌లనే ఉన్నరు."

మాసూమా రజాయిని తిరగేసి రెండో వైపు కుట్టడం మొదలుపెట్టింది.