ఏం తిన్నవ్ తమ్మీ?

మనసు బాగాలేదని ఒప్పుకోవడానికి మనవాళ్ళకు సిగ్గని, మానసిక వైద్యం చేసే నిజామాబాద్ డాక్టరుగారొకరు, గల్ఫ్‌లో మేముండే అల్ మన్సూరాలో ప్రతి శుక్రవారం సెలవునాడు వంటలు పెట్టి అందరినీ పిలిచేవారు. ఎవరొచ్చినా “ఏం తిన్నవ్ తమ్మీ?” అనే పలకరించేవారు.

తండ్రి పోతే సెలవు దొరకక ఊరికి వెళ్ళలేకపోయిన మా ఆయన, నెలల తరబడి నాతో సరిగ్గా మాట్లాడలేదు. బతిమాలి అక్కడికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఉల్లిపాయలు తరుగుతూ అదే మాట అడిగారు.

“నాయిన పోయినంక ఏం తినబుద్ధి అయితలేదన్నా” అంటూ మా ఆయన డాక్టరుగారి భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చాడు.

గుమ్మంలో నిలబడిపోయాను. నేనూ రోజూ అదే అడిగేదాన్ని. “తిన్న” అనేవాడు, అంతే.

మా ఆయన కోలుకున్నాడు. డాక్టరుగారు ఇండియాకు వెళ్ళిపోయారు.

“అన్న ఉంటే మంచిగుండు” అన్నాడు నిన్న. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను.