దేశదేశాల సంతాపం

ఇస్నాపూర్ చౌరస్తాలో గంపల నిండా మగ్గిన సీతాఫలాల వాసన తగిలితే ఇప్పటికీ నాకు నోరూరదు. దేశాన్నేలే నాయకురాలిని కాపలావాళ్లే కాల్చి చంపారన్న వార్త మా పటాన్‌చెరుకు వచ్చింది సరిగ్గా ఆ పళ్ల కాలంలోనే.

నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి సర్కారు కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. మా క్వార్టర్లకెదురుగా, రోడ్డవతల, ఒక సర్దార్జీ ధాబా ఉండేది. చలి మొదలయ్యే రోజుల్లో తెల్లవారుతూనే పెద్ద ఇత్తడి గుండిగలో మినప్పప్పు ఉడికే పొగ, నులక మంచాల మీద దుప్పట్లు ముసుగేసుకున్న లారీ డ్రైవర్ల దగ్గు, కాలిన రొట్టె వాసన కలిసి మా వాకిళ్లదాకా వచ్చేవి. దీపావళి కాకరపువ్వొత్తులు మిగిలితే అక్కడికే పరిగెత్తేవాళ్లం. సర్దార్జీ భార్యను భాభీ అనేవాళ్లం. రొట్టెలో నెయ్యీ చక్కెరా చుట్టి, మేం తినేదాకా నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది.

కాల్చినవాళ్లు సిక్కులని తెలిసిన సాయంత్రం ఆ ధాబాను తగలబెట్టారు. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కాదు. ఆదివారాలు అక్కడ కడుపునిండా తిన్నవాళ్లే. సర్దార్జీ చెయ్యి విరగ్గొట్టారు. మా వరస చివర జాకెట్లు కుట్టే షరీఫాబీ భార్యాభర్తలిద్దరినీ తన వంటింట్లో దాచింది.

రెండు మూడు రోజులకు కాలనీ హాల్లో సంతాపసభ పెట్టారు. పటానికి దండ, అగరుబత్తులు. నాన్న స్నేహితుడు, మా ఊరివాడే, సుబ్బారావు బాబాయిది మంచి కంఠం. ఏ దేశపు రాజు ఎంత దుఃఖించాడో, ఏ దేశపు అధ్యక్షుడు శాంతి గురించి ఏమన్నాడో పేపర్లోంచి చదువుతూ మధ్యమధ్య కళ్లొత్తుకుంటున్నాడు. ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. అమ్మ లేచి నిలబడింది.

"ఆ రాజులంతా ఏడ్చారు, బానే ఉంది బాబూ. పొద్దున మీ పెరట్లో చింతపండేసి తోముతున్న గుండిగ ఎవరిది?"

బాబాయి తడబడలేదు. "రోడ్డు మీద పడుంటే తెచ్చానొదినా. నేను కాకపోతే ఇంకోడు పట్టుకుపోయేవాడు."

"గిప్పుడు గా ముచ్చటెందుకమ్మా, జెర సదవనియ్యి," అన్నారెవరో వెనకనుంచి. తలలూగాయి. నాన్న నేల చూశాడు. బాబాయి ఆపిన చోటినుంచే, అదే గద్గద స్వరంతో, మరో దేశం సంతాపం అందుకున్నాడు.

అమ్మ నన్ను లాక్కుని నేరుగా వాళ్ల పెరట్లోకి వెళ్లింది. పిన్ని అడ్డు చెప్పలేదు. చెరో చెవి పట్టుకుని గుండిగను షరీఫాబీ ఇంటికి మోశాం. తలుపు సందులోంచి ఆమె, "జెర మెల్లగ మాట్లాడుర్రి, భాయ్ ఇప్పుడే పండుకున్నడు," అంది. భాభీ బయటికొచ్చి, తళతళలాడుతున్న గుండిగను చూసి, అంచు మీద వేలు రాసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వే ఉంచుకో దీదీ. ఇగ నేను ఈడ వండ."

మర్నాడు వాళ్లు లారీలో నాందేడ్ వెళ్లిపోయారు. చాన్నాళ్లు అమ్మ నాన్నకు అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు.

ఇప్పుడు ధాబా చోట గ్రానైటు దుకాణం ఉంది. క్వార్టర్లకు తాళాలు పడ్డాయి, షరీఫాబీ పోయింది. బాబాయి మాత్రం అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లో పెద్దమనిషిగా వెలుగుతున్నాడు. మొన్న ఏదో దేశంలో నాయకుణ్ణి చంపితే, ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరికన్నా ముందు ఆయనే చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మానవత్వం మంటగలిసిందని రాశాడు. కింద వరసగా దండాలు. ఫోను బోర్లించి చెయ్యి కడుక్కున్నాను.

ఆ రాజుల, అధ్యక్షుల పేర్లు కొన్ని బాబాయి గొంతుతో సహా నాకింకా గుర్తున్నాయి. నాందేడ్‌లో వాకబు చేద్దామని భాభీ పేరేమిటని అమ్మనడిగాను.

"పేరా? ఎప్పుడూ అడగలేదే," అంది అమ్మ.